మూషిక దృష్టాంతం - వ్యాప్తి విచారం

అనుమానానికి దృష్టాంతం కావాలని నైయాయికులు చెప్పారు. దృష్టాంతమొక్కటే చాలునని మాత్రం చెప్పలేదు. వంటశాలలో పొగ, నిప్పు కలిసి కనబడినంతమాత్రాన పర్వతంపై అగ్ని సిద్ధించదు. ఆ రెంటి నియత సాహచర్యం, అనగా వ్యాప్తి, నిశ్చయం కావాలి. ఆటిజం విషయమై ఎలుకలపై జరుగుతున్న పరిశోధనలను జిజ్ఞాసువులు ఈ దృష్టితోనే పరిశీలించడం ఉచితం.

నాడీకణాల సంధిస్థానాలను నిలిపే ఒక ప్రోటీనుకు షాంక్3 అనే జన్యువు మూలం. ఆటిజం ఉన్నవారిలో బహుకొద్దిమందికే ఈ జన్యులోపం ఉంటుంది. గువోపింగ్ ఫెంగ్ బృందం 2011లో ప్రకటించిన పరిశోధనలో ఆ జన్యువు లోపించిన ఎలుకలు తోటి ఎలుకల సాంగత్యానికి విముఖమయ్యాయి. చర్మం పుండుపడేదాకా తమను తాము గీరుకుంటూ శుభ్రపరచుకున్నాయి. (గణనాథుని వాహనమని చవితినాడు పూజలందుకునే ప్రాణి అనుభవించిన ఆ వ్యథను జ్ఞానార్థమని చెప్పి మరచిపోవడం ధర్మం కాదు.) 2016లో అదే బృందం ఎదిగిన ఎలుకలలో ఆ జన్యువును మరల పనిచేయించగా సాంగత్యం మెరుగుపడింది, ఆ పునరావృత చేష్ట తగ్గింది. ఆందోళన మాత్రం తగ్గలేదు.

ఇంతవరకు ప్రత్యక్షం. "ఆటిజానికి మందు దొరికింది" అనుకోవడం వ్యాప్తి లేని అనుమానం. ఆటిజంతో సంబంధమున్న ఫ్రజైల్ ఎక్స్ అనే జన్యుస్థితినే చూడవచ్చు. ఎలుకలలో ఆశ కల్పించిన మవోగ్లురాంట్ అనే ఔషధం మనుష్యులపై పరీక్షలలో ఫలించలేదు. 2014లో నోవార్టిస్ సంస్థ ఆ ప్రయత్నాన్ని విరమించింది. హేతువు ఉన్నా సాధ్యం లేకపోయింది. తర్కశాస్త్రం దీనినే సవ్యభిచారమంటుంది. పైగా, మాటే లేని ప్రాణి శిశువు యొక్క మౌనానికి ఎంతవరకు దృష్టాంతం కాగలదు?

అయితే ఈ జన్యువిచారం ఒక అపవాదును మాత్రం నిశ్చయంగా ఖండిస్తున్నది. షాంక్3 లోపం చాలా సందర్భాలలో తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు. శిశువులో నూతనంగా ఏర్పడుతుంది. అయినా ఆలయ మండపంలోనే, బిడ్డను ఎత్తుకుని ప్రదక్షిణం చేస్తున్న తల్లిని "ఏ జన్మలో ఏం పాపం చేశావో అమ్మా" అని పలకరించే పెద్దలున్నారు. ఇది కర్మసిద్ధాంతం కాదు, దాని పేరిట జరిగే పరనింద. కర్మగతి దుర్జ్ఞేయమని శాస్త్రం చెప్పినది, ఇతరుల సంచితాన్ని లెక్కించడానికి ఎవరూ పూనుకోరాదనే. అర్చన సంకల్పంలో గోత్రం, నక్షత్రం, నామధేయం అడుగుతారు. పూర్వజన్మ పాపాల చిట్టాను స్వామి సన్నిధిలో ఎవరూ అడగరు.