మద్దెల తప్పా? చేతి తప్పా?

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో రెండింటికి ఒకేచోట జవాబు చెబుతాను. రెండూ ఆటలను గురించినవే. కాని రెండింటి వెనకా చిన్న బాధ ఉన్నది.

మొదటిది తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి రాశాడు. సెలవులలో అతను, వాళ్ళ పెదనాన్నగారి అబ్బాయి కంప్యూటరు మీద తుపాకీ ఆటలు ఆడుతున్నారు. అన్న మౌసు పట్టుకుంటాడు, ఇతను గేమ్‌ప్యాడ్ పట్టుకుంటాడు. పది ఆటలు ఆడితే తొమ్మిది అన్నే గెలుస్తున్నాడు. "ఇటువంటి ఆటల కోసమే ప్రత్యేకంగా చేసిన ప్యాడ్ ఉన్నది, మాస్టారూ! సంక్రాంతికి తాతయ్యా మామయ్యా ఇచ్చిన డబ్బు దాచుకున్నాను. తక్కినది ఇమ్మని నాన్నగారిని అడిగితే, ఆడలేక మద్దెల ఓడన్నదట అని కేకలేశారు. నిజంగా తప్పు నాదేనా?" అని అడిగాడు.

రెండవది ఏడో తరగతి అమ్మాయి రాసింది. ఆమె తమ్ముడికి పుట్టుకతోనే కుడిచేతి బొటనవేలు లేదు. ఇంట్లో పిల్లలందరూ ఆడుతుంటే వాడిని "నువ్వు పక్కన కూర్చుని చూడరా" అంటారట. "వాడు ఏడవడు, మాస్టారూ. లేచి వెళ్ళిపోతాడు. వాడి చేతికి పనికివచ్చే ప్యాడ్ ఏదైనా ఉన్నదా?" అని ఆమె ప్రశ్న.

మద్దెల ఓటిదా, ఆడేవాళ్ళు చేతకానివాళ్ళా? కోప్పడకుండా, కొట్లాడకుండా ఈ సంగతి తేల్చాలంటే ముందు మద్దెల లోపల ఏమున్నదో చూడాలి.

ఈ ఆటలలో తెర మీద మన బొమ్మ కనిపించదు. బొమ్మ కళ్ళతో మనమే చూస్తున్నట్టుగా ఉంటుంది. చేతిలో పట్టుకున్న ఆయుధం మాత్రం కనిపిస్తుంది. అందుచేత ఆటగాడు ఒకేసారి రెండు పనులు చెయ్యాలి. ఒకటి నడవడం, రెండోది తల తిప్పి గురి చూడడం. గేమ్‌ప్యాడ్ మీద రెండు చిన్న స్టిక్కులు ఉంటాయి. ఎడమ బొటనవేలు నడిపిస్తుంది, కుడి బొటనవేలు చూపు తిప్పుతుంది. ఇప్పుడు అందరికీ అలవాటైన ఈ పద్ధతి మొదట్లో జనానికి వింతగా తోచింది. ప్లేస్టేషన్ మీద 2000లో వచ్చిన ఒక ఆటలో ఈ ఏర్పాటు ఉంటే, ఆడడం మహా కష్టంగా ఉన్నదని విమర్శించినవారున్నారు. మరుసటి ఏడు, అంటే 2001లో, అమెరికాలో "హేలో" అనే ఆట వచ్చి ఇదే పద్ధతిని ఇంటింటా పాదుకొల్పింది.

ఇక అసలు రహస్యం. అమ్మ అన్నం వండేటప్పుడు బియ్యం సోలతో కొలుస్తుంది. రెండు సోలలంటే రెండే. ఎక్కువా రావు, తక్కువా రావు. కుళాయి కింద చెంబు పెట్టినప్పుడు అట్లా కాదు. కుళాయి ఎంత తిప్పితే అంత జోరుగా నీళ్ళు వస్తాయి. ఎన్ని నీళ్ళు కావాలో కుళాయికి తెలియదు. చెంబు నిండే క్షణం చూసి మనమే కట్టెయ్యాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే నీళ్ళు పొర్లిపోతాయి.

మౌసు సోల వంటిది. దాన్ని బల్ల మీద ఎంత దూరం జరిపితే చూపు అంత కోణం తిరుగుతుంది. 12 సెంటీమీటర్లకు 90 డిగ్రీలు తిరిగేట్టు పెట్టుకున్నామనుకోండి, 30 డిగ్రీలకు 4 సెంటీమీటర్లు చాలు. చెయ్యి ఆగితే చూపూ ఆగుతుంది. స్టిక్కు కుళాయి వంటిది. దాన్ని ఎంత వంచితే చూపు అంత వేగంగా తిరుగుతుంది. వదిలేదాకా తిరుగుతూనే ఉంటుంది.

చిన్న లెక్క వేద్దాం. స్టిక్కును పూర్తిగా వంచితే చూపు సెకనుకు 180 డిగ్రీలు తిరుగుతుందనుకోండి. శత్రువు 30 డిగ్రీల దూరంలో ఉన్నాడు. సెకనులో ఆరో వంతు గడిచేసరికి వాడు గురికి వస్తాడు. అయితే కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు కదలడానికే మనిషికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో చూపు 36 డిగ్రీలు తిరిగిపోతుంది! వాణ్ణి చూసి ఆగుదామనుకుంటే దాటిపోవడం ఖాయమన్నమాట. స్టిక్కుతో ఆడేవాడు ఎక్కడ ఆగాలో ముందే ఊహించి, దగ్గరపడేకొద్దీ వేగం తగ్గించాలి.

ఈ తేడాను పెద్దలు ఏనాడో కొలిచి చూశారు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన అమెరికాలో 1960ల్లో మౌసును ఊహించాడు. ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ మొదటి మౌసును కొయ్యతో చేశాడు. ఆ బిల్ ఇంగ్లిషే మరో ఇద్దరితో కలిసి 1978లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించాడు. తెర మీద ఒక మాటను చూపడానికి మౌసు, వేగాన్ని నడిపే రకం స్టిక్కు, రెండు రకాల మీటలు మనుషుల చేతికిచ్చి పోల్చారు. అన్నిటిలోకీ మౌసే త్వరగా గమ్యం చేరింది. కాబట్టి మొదటి ఉత్తరం రాసిన అబ్బాయీ, నీ అనుమానంలో కొంత నిజమున్నది. గురి చూడడంలో నీ మద్దెలా అన్నయ్య మద్దెలా ఒకటి కావు.

మరి ప్రత్యేకమైన ప్యాడ్ ఏం చేస్తుంది? మైక్రోసాఫ్ట్ కంపెనీవారు 2015లో "ఎలీట్" అనే ప్యాడ్ తెచ్చారు. అమెరికాలో మామూలు ప్యాడ్ 60 డాలర్లుంటే, దానికి 150 డాలర్లు పెట్టారు. ఆ అదనపు డబ్బుకు ఏమి వస్తుందో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, పొడుగాటి స్టిక్కు. స్టిక్కు పొడుగు 2 సెంటీమీటర్లనీ, అది 20 డిగ్రీలు వంగుతుందనీ అనుకోండి. దాని కొస సుమారు 0.7 సెంటీమీటరు కదులుతుంది. పొడుగు 3 సెంటీమీటర్లయితే అదే కోణానికి కొస 1 సెంటీమీటరు కదులుతుంది. వేలికి ఎక్కువ చోటు దొరికింది గనక సన్నని తేడాలు చూపడం సులువు.

రెండవది, వెనక మీటలు. గెంతడానికీ కూర్చోడానికీ నొక్కవలసిన బొత్తాలు మామూలు ప్యాడ్‌లో కుడి బొటనవేలి వాటాకే వస్తాయి. వేలు బొత్తం మీదికి పోతే స్టిక్కు ఖాళీ అవుతుంది, గురి పోతుంది. వెనక మీటలుంటే ఆ పని తక్కిన వేళ్ళు చేస్తాయి.

మూడవది, పొట్టి ట్రిగ్గరు. సగం దూరం నొక్కితేనే పని జరిగేట్టు అడ్డు పెడతారు.

నాలుగవది, స్టిక్కు ఎంత వంగితే ఎంత వేగం రావాలో మన ఇష్టప్రకారం దిద్దుకునే సదుపాయం.

ఇందులో "డెడ్‌జోన్" అనేది తెలుసుకోదగ్గది. చాలా ప్యాడ్‌లలో స్టిక్కు కింద పలచని కార్బను పట్టీ ఉంటుంది. దాని మీద ఒక లోహపు ముక్క రాసుకుంటూ స్టిక్కు ఎక్కడున్నదో చెబుతుంది. వేలు తీసినా స్టిక్కు సరిగ్గా నడిమధ్యకు రాదు, అందుచేత నడుమ కొంత మేర కదలికను ఆట లెక్కచేయదు. స్టిక్కు ఒక పక్కకు పూర్తిగా వంగితే యంత్రం దాన్ని 32,767గా లెక్కిస్తుంది. కుడి స్టిక్కు విషయంలో 8,689 దాకా పట్టించుకోనక్కరలేదని మైక్రోసాఫ్ట్ వారు ఆటలు రాసేవారికి సూచించారు. అంటే దారిలో నాలుగో వంతుకు పైగా వృథా! మంచి ప్యాడ్‌లో ఈ వృథాను తగ్గించుకోవచ్చు. పట్టీ అరిగితే వేలు పెట్టకుండానే చూపు ఒక పక్కకు జారిపోతుంది. అందుకని కొందరు రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే స్టిక్కులు చేస్తున్నారు. వాటికి ఆధారమైన సూత్రాన్ని ఎడ్విన్ హాల్ అనే శాస్త్రజ్ఞుడు 1879లోనే కనిపెట్టాడు.

ఇవన్నీ కుళాయిని బాగుచేసే ఉపాయాలేగాని, దాన్ని సోలగా మార్చేవి కావు. మార్చే ఉపాయం ఒకటున్నది. కొన్ని ప్యాడ్‌ల లోపల వంపును కనిపెట్టే చిన్న పరికరం ఉంటుంది. ప్యాడ్‌ను చేత్తో ఎంత వంచితే చూపు అంతే తిరుగుతుంది. ముతక గురికి స్టిక్కూ, సన్నగురికి చేతి వంపూ! జపానులో నింటెండో వారు 2015లో తెచ్చిన "స్ప్లటూన్" అనే ఆటలో ఈ ఏర్పాటే ఉన్నది. దానిలో బొమ్మ వెనక నుంచి చూస్తాం. తుపాకీ గుండ్లకు బదులు రంగు చిమ్ముతాం.

చాలా ఆటలు కూడా స్టిక్కువాడికి కొంచెం చెయ్యి అందిస్తాయి. గురి శత్రువు మీదుగా పోతున్నప్పుడు తిరిగే వేగాన్ని వాటంతట అవే తగ్గిస్తాయి. ఈ సాయం కాజెయ్యడానికి కొందరు ఒక యంత్రం పెట్టి, మౌసును స్టిక్కుగా నమ్మిస్తారు. సోలతో కొలుస్తూ కుళాయివాడి రాయితీ పుచ్చుకోవడమన్నమాట. అది మోసం. "రెయిన్‌బో సిక్స్ సీజ్" అనే ఆటవారు 2023 నుంచి అటువంటివాళ్ళను పసిగట్టి, వాళ్ళ చేతి ఆజ్ఞలు ఆలస్యంగా అందేట్టు చేస్తున్నారు.

ఇప్పుడు అబ్బాయికి నా సలహా. డబ్బు తియ్యకముందు మద్దెలలు మార్చుకోండి. అన్న ప్యాడ్‌తో పది ఆటలు, నువ్వు మౌసుతో పది ఆటలు ఆడి, గెలుపోటములు కాగితం మీద రాయండి. చేతులు మారితే గెలుపూ మారిందా, తేడా చాలావరకు మద్దెలదే. చేతులు మారినా అన్నే గెలిచాడా, సాధన చాలలేదు. ఆ తరువాత ఆట అమరికలలోకి వెళ్ళి తిరిగే వేగం తగ్గించు, డెడ్‌జోన్ కొంచెం కుదించు, రెండు వారాలు సాధన చెయ్యి. దీనికి కానీ ఖర్చు లేదు. అప్పటికీ ఏ పనికి ఏ భాగం కావాలో చెప్పగలిగితే, ఆ కాగితం నాన్నగారికి చూపించి అడుగు. నాన్నగారూ, కుర్రవాడు లెక్కలు వేసి తెచ్చిననాడు సామెతతో పంపెయ్యకండి. కూర్చోబెట్టుకుని ఆ లెక్క చూడండి.

అమ్మాయీ, నీ తమ్ముడి సంగతి వేరు. వాడి విషయంలో సామెత పనికిరాదు. కుడి స్టిక్కు నడపవలసిన వేలే వాడికి లేదు. ఆ ప్యాడ్ చేసినవాళ్ళు వాడి చేతిని లెక్కలోకి తీసుకోలేదు. వాడు ఆడలేకపోవడం వాడి లోపం కాదు. అటువంటివారి కోసం మైక్రోసాఫ్ట్ వారు 2018లో "అడాప్టివ్ కంట్రోలర్" అనేదాన్ని తెచ్చారు. దాని మీద అరచేత్తో నొక్కగల పెద్ద బొత్తాలు రెండుంటాయి. వెనక వరసగా 19 రంధ్రాలుంటాయి. వాటిలో కాలితో తొక్కే మీట, మోచేత్తో నొక్కే మీట, ఎవరికి ఏది కుదిరితే అది తగిలించుకోవచ్చు. అరచేత్తో నడిపే పెద్ద స్టిక్కును కూడా విడిగా కలుపుకోవచ్చు. సోనీవారు కూడా 2023లో ఇటువంటిది ఒకటి తెచ్చారు.

అంత ఖర్చు ఇప్పుడు కుదరకపోతే మరొక దారి ఉన్నది. ఎక్స్‌బాక్స్ యంత్రంలో 2017 నుంచి రెండు ప్యాడ్‌లను ఒకే ప్యాడ్‌గా వాడుకునే వీలు కల్పించారు. తమ్ముడు ఎడమచేత్తో నడిపిస్తాడు, నువ్వు గురి చూస్తావు. ఇద్దరూ కలిసి ఒకే ఆటగాడు! ఆ పిల్లలందరితోనూ నా మాటగా చెప్పు: పక్కన కూర్చోమనడం ఏ ఆటలోనూ నియమం కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇటువంటి ఆటలు చాలావరకు పెద్దపిల్లల కోసం చేసినవి. ఐరోపాలో ఆటల మీద 3, 7, 12, 16, 18 అని వయసు ముద్రిస్తారు. తుపాకీ ఆటలకు తరచు 16గాని 18గాని ఉంటుంది. ప్యాడ్ ధర చూడకముందు ఆ అంకె చూడండి.

కంప్యూటరు లేని పిల్లలు చిన్నబుచ్చుకోవద్దు. కుళాయికీ సోలకూ తేడా ఒక రూపాయి బిళ్ళతో తెలుసుకోవచ్చు. కాగితం మీద 20 సెంటీమీటర్ల గీత గీసి, 15 దగ్గర గుర్తు పెట్టండి. మొదట మీరే బిళ్ళను జరిపి గుర్తు మీద ఆపండి. తరువాత స్నేహితుణ్ణి ఒకే వేగంతో జరపమని, మీరు "ఆగు" అని మాత్రం చెప్పండి. పదిసార్లు చేసి, బిళ్ళ గుర్తును ఎన్ని మిల్లీమీటర్లు దాటిందో ప్రతిసారీ రాసుకోండి. మరునాడు మళ్ళీ పదిసార్లు చెయ్యండి. అంకెలు తగ్గాయా, పెరిగాయా? ఆ రెండు వరసలనూ కార్డు మీద రాసి నాకు పంపండి. వచ్చే నెల వాటిని కలిసి చూద్దాం.