దవడ విరిగితే పుత్తూరు కట్టు కాదు



పోయిన దీపావళికి మనవాళ్లింట్లో ఒక పెద్దాయన మురుకు కొరికారు. టక్‌మని చప్పుడు, కింది దవడ విరిగింది. దెబ్బ తగల్లేదు, కింద పడలేదు. ఇంట్లో అందరూ పుత్తూరు కట్టు వేయిద్దాం అన్నారు. అడిగితే మేమూ సరే అన్నాం. పది రోజులు పోయాయి, చీము పట్టింది. ఆ తప్పు మాది కూడా.

పుత్తూరు కట్టంటే మనకు గౌరవమే. గుడ్డు సొన, ఆకుపసరు, వెదురుబద్దలతో కట్టించుకున్న చేతులు మన ఇళ్లలో ఎన్ని లేవు! కానీ మురుకు కొరికితే మంచి ఎముక విరగదు. ఎక్స్‌రే తీస్తే, బయటికి రాని జ్ఞానదంతం చుట్టూ నీటితిత్తి కనబడింది. తమిళంలో నీర్‌కట్టి అంటామే, అదే. నొప్పి లేకుండా ఏళ్లకేళ్లు పెరిగి ఎముకను గుల్ల చేస్తుంది. పైన కట్టు కడితే లోపలి తిత్తి పోతుందా?

సర్జన్ రెండు పనులూ చూడాలి. తిత్తిని పొరతో సహా తీయాలి, విరిగినదాన్ని టైటానియం ప్లేటు, స్క్రూలతో నిలబెట్టాలి. గుంత పెద్దదైతే తుంటి ఎముక నుంచి కొంత తెచ్చి నింపుతారు. తిత్తి మరీ పెద్దదైతే కొందరికి ముందు చిన్న కిటికీలా తెరిచి, నెలల తరబడి కుంచించుకుపోనిచ్చి, ఆ తర్వాత తీస్తారు. ఇక్కడే మనవాళ్లకు ఓపిక చాలదు. "ఈ డాక్టరుకు చేతకాదు, ఇంకోచోటికి పోదాం" అంటారు. ఆగమన్న డాక్టరు చేతకానివాడు కాదండీ.

తీసిన ముక్కను పరీక్షకు పంపారా అని తప్పక అడగండి. తిత్తిలా కనబడే కొన్ని గడ్డలు వేరే జబ్బు. కొన్ని తిత్తులు తీసినా మళ్లీ వస్తాయి, ఏళ్ల తరబడి చూపించుకోవాలి. మనం కుట్లు విప్పగానే మానేస్తాం.

మన సంఘం వైద్య శిబిరంలో బీపీ, షుగరు, కళ్లు చూస్తారు. పళ్ల డాక్టరు ఎప్పుడూ లేరు. దవడ ఉబ్బినా, పన్ను కారణం లేకుండా కదిలినా, కింది పెదవి మొద్దుబారినా దవడ మొత్తం ఎక్స్‌రే తీయించాలి. ఫోర్ట్ స్టేషన్ ఎదురుగా ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, ఎలక్ట్రిక్ రైలు దిగితే నాలుగు అడుగులు.

డబ్బెక్కడిది అంటారా? ఉగాది సభలో శాలువాలు కొన్ని తగ్గిద్దాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ మాట ఎత్తుతున్నాం. శాలువా కావాల్సినవాళ్లు ముందే చెప్పండి.