మెనూలో తెలుగు పెడితే తప్పేంటి?

పది లైన్ల స్క్రిప్టు రాసి సొంత లాంచర్ మెనూ కట్టుకోవడం మన ఐటీ జనాలకి సరదా. బానే ఉంది. కానీ ఆ మెనూ ఇంగ్లీషులోనే ఎందుకుండాలి చెప్పండి?

బెజవాడ డీటీపీ షాపుల్లో రోజంతా తెలుగు కొట్టే ఆపరేటరు, ఫైలు కావాలంటే మాత్రం ఇంగ్లీషు ఫోల్డర్లలో దేవులాడాలా? "శుభలేఖలు", "కరపత్రాలు", "ప్రూఫులు" అని మూడు లైన్ల మెనూ చాలదూ!

చిక్కులు లేకపోలేదు. ఆటోహాట్‌కీ 1.1లో అయితే స్క్రిప్టుని బీఓఎమ్ ఉన్న యూటీఎఫ్-8గా సేవ్ చెయ్యాలి, లేదంటే పిచ్చిగీతలే. 2022లో వచ్చిన 2.0లో ఆ గొడవ లేదు. లినక్సులో డీమెనూ మన ఒత్తుల్ని సరిగా కలపదు. పాంగో వాడే రోఫీ కలుపుతుంది. పాత అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ కాదు కాబట్టి అది ఇక్కడ పేస్ట్ చేసి లాభం లేదు.

ఇంకోమాట. మెనూ పేర్లని స్క్రిప్టులో ఇరికించకండి, విడిగా ఓ టెక్స్ట్ ఫైల్లో పెట్టండి. కొత్త పేరు కావాలంటే ఆపరేటరే నోట్‌ప్యాడ్‌లో ఓ లైను చేర్చుకుంటాడు. రాసిచ్చి మనం హైదరాబాదో బెంగుళూరో చెక్కేస్తాం. అక్కడ ఆదివారం శుభలేఖల పని ఆగిపోతే, మన ఫోను కలిసేదాకా కూర్చోవాల్సింది అతనే కదా. మన అవసరం లేకుండా నడిచేదే మంచి టూలని నా అభిప్రాయం. మీరేమంటారు?