సైకిలు బాటలు: నంది కొండ చుట్టూ మూడు దారులు

గత సంచికలో హోసూరు వైపు దారుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను చాలా రోజులు ఆలోచనలో పెట్టింది. బెంగుళూరులో ఉంటున్న ఒక సోదరి రాశారు. పద్నాలుగేళ్ల కొడుకు స్నేహితులతో కలిసి సైకిలు మీద నంది కొండ ఎక్కుతానని పట్టుబట్టాడట. "మా వారు మూడేళ్ల కిందట రోడ్డు మీదే పోయారు. వద్దంటే పిల్లవాడు అన్నం మానేస్తాడు, సరేనంటే నాకు నిద్ర పట్టదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

ఇలాంటి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం భావ్యం కాదు. దారి ఎలాంటిదో వివరంగా చెబితే ఏం చేయాలో ఆ తల్లికే తెలుస్తుంది. చిక్కబళ్లాపురంలో స్థిరపడి, ఇరవై ఏళ్లుగా ఈ రోడ్ల మీద సైకిలు తొక్కుతున్నవాణ్ణి కనుక ఈసారి నంది గ్రామం చుట్టూ ఉన్న మూడు దారులు చెబుతాను. వాటిని ఈ వరుసలోనే తొక్కాలని నా మనవి.

ముందుగా ఒక మాట. బెంగుళూరు నుంచి నంది దాదాపు అరవై కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల పక్కన ఆ దూరమంతా తొక్కుకుంటూ రావడం అలవాటున్న పెద్దవాళ్ల పని. పిల్లలతో వచ్చేవారు సైకిళ్లను బండిలో వేసుకుని నంది గ్రామానికి చేరి, అక్కడ మొదలుపెట్టడం మంచిది.

మొదటి దారి నంది, ముద్దేనహళ్లి, చిక్కబళ్లాపురం చుట్టి తిరిగి నంది చేరేది. మొత్తం పదిహేను కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. చిన్న చిన్న ఎత్తుపల్లాలే తప్ప పెద్ద ఎక్కుడు లేదు. భోగనందీశ్వరుడి గుడి దగ్గర బయలుదేరండి. తొమ్మిదో శతాబ్దం నాటికే ఉన్న ఈ గుడికి చోళులు, హొయసలులు, విజయనగర రాజులు తలా ఒక చెయ్యి వేశారు. లోపలి పుష్కరిణి మెట్ల మీద ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు, పొద్దున్నే లేచిన బద్ధకం వదిలిపోతుంది.

అక్కడికి దగ్గర్లోనే ముద్దేనహళ్లి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఊరు. ఆయన పూర్వీకులు గిద్దలూరు వైపున్న మోక్షగుండం నుంచి వలస వచ్చినవారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక, మళ్లీ అలా జరగకుండా పథకం వేసి ఇచ్చింది ఈయనే. ఆయన ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. సమాధి కూడా ఊళ్లోనే ఉంది. మనలాగే తరాల కిందట వలస వచ్చిన తెలుగు కుటుంబం ఈ నేలకు ఎంత చేసిందో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

రెండో దారి చిక్కబళ్లాపురం నుంచి శిడ్లఘట్టకు. పోను సుమారు ఇరవై కిలోమీటర్లు, రాను అంతే. దారి పొడవునా మల్బరీ తోటలు, పూల తోటలు, ద్రాక్ష పందిళ్లు. శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంత రాష్ట్రంలోని పెద్ద సంతల్లో ఒకటి. పొద్దున పూట వెళితే గూళ్ల వేలం చూడవచ్చు. రోడ్డు అలలాగా లేచి పడుతూ ఉంటుంది కనుక గేర్లు మార్చడం ఇక్కడే నేర్పాలి. ఎత్తు మొదలవక ముందే తేలిక గేరుకు రావాలి. మధ్యలో పెడలు మీద బరువు వేసి మారిస్తే చైను జారుతుంది. కాళ్లు బిగబట్టి తొక్కడం కంటే తేలికగా, వేగంగా తిప్పడం మోకాళ్లకు మంచిది.

ఈ దారిలో ఇంకో లాభం ఉంది. టీ కొట్టు దగ్గర ఆగితే "యాడికి పోతాండారప్పా?" అని పలకరిస్తారు. బోర్డులన్నీ కన్నడం, బడిలో చదువు కన్నడం, ఇంట్లో మాట మాత్రం తెలుగు అయిన ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే మన బెంగుళూరు పిల్లలు, ఇక్కడ నీళ్లు కావాలన్నా పంక్చరు వేయించుకోవాలన్నా తెలుగులో నోరు విప్పాల్సిందే. కారులో వెళితే అద్దం దించరు. సైకిలు అయితే ఆగక తప్పదు. అయితే ఆ పందిళ్లు ఏటా తగ్గుతున్నాయి. 2008లో దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం తెరిచాక భూముల ధరలు పెరిగి, తోటల స్థానంలో లేఅవుటు రాళ్లు లేస్తున్నాయి. చూడాలనుకునేవారు త్వరగా చూడండి.

మూడో దారి కొండ. శిఖరం సముద్రమట్టానికి 1478 మీటర్ల ఎత్తు. అడుగు నుంచి ఘాట్ రోడ్డు ఏడెనిమిది కిలోమీటర్లు. సగటున వంద మీటర్లు ముందుకు పోతే ఐదారు మీటర్లు పైకి లేస్తాం. కొన్ని మలుపుల్లో అంతకన్నా ఎక్కువే. రెండో దారిని ఆయాసం లేకుండా నాలుగైదుసార్లు తిరిగి వచ్చిన పిల్లవాడు దీన్ని ఎక్కగలడు. మొదటి కిలోమీటరులో పక్కవాళ్లతో పోటీ పడకుండా ఉంటే చాలు. అలిసిపోతే దిగి నడిపించుకుంటూ వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు.

అమ్మా, మీ భయం కొండ ఎక్కేటప్పటి గురించి అయితే అక్కర్లేదు. అప్పుడు సైకిలు మనిషి నడకకన్నా కాస్త వేగంగా పోతుంది, అంతే. భయపడవలసింది దిగేటప్పుడు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలు అవుతుంది. మంచు తేమ ఉంటే ఇంకా పెరుగుతుంది. మలుపు అవతల నుంచి కారు వస్తుందో, కోతి దూకుతుందో తెలియదు. కనుక మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. రెండు బ్రేకులూ కలిపి వాడాలి. అదే పనిగా నొక్కి పట్టకుండా నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాలి. లేకపోతే చక్రం అంచు కాగిపోయి బ్రేకు పట్టు తగ్గుతుంది. ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండాలి, మలుపులో మధ్య గీత దాటకూడదు.

నా సలహా ఇది. మొదటి రెండు దారులకు మీ అబ్బాయిని నిశ్చింతగా పంపండి, వెంట ఒక పెద్దవారు ఉండేట్టు చూడండి. కొండకు మాత్రం శని ఆదివారాలు వద్దు. సూర్యోదయం చూడాలని తెల్లవారకముందే వందల బళ్లు బారులు తీరతాయి. సెలవుల్లో ఒక మంగళవారమో బుధవారమో చూసుకోండి. మొదటిసారి ఎక్కించి, దిగేటప్పుడు సైకిలును బండిలో వేసుకు రండి. చిన్న వాలు మీద మీ కళ్లెదుట బ్రేకులు సరిగ్గా వేసి చూపించిన రోజున దిగడానికి ఒప్పుకోండి. ఈ షరతు వాడికి ముందే చెప్పండి. ఊరికే వద్దంటే పిల్లలు చాటుగా వెళతారు. షరతు పెడితే దాన్ని గెలవడానికి చూస్తారు.

వానాకాలంలో రోడ్డు సంగతి ముందుగా కనుక్కోండి. 2021 ఆగస్టులో కొండచరియలు పడి ఈ దారి కొన్ని నెలలు మూతపడింది. హెల్మెట్టు, అదనపు ట్యూబు, గాలి పంపు, రెండు సీసాల నీళ్లు, పైన చలికి ఒక చొక్కా తప్పనిసరి. బ్రేకు రబ్బర్లు అరిగితే బయలుదేరే ముందు రోజే మార్పించండి.

పైకి చేరినవాళ్లు ఫొటోలు అయ్యాక నలుదిక్కులా ఒకసారి చూడండి. ఈ కొండల వరుసలోనే పుట్టిన పెన్న ఉత్తరానికి పోయి, అనంతపురం, కడప సీమలు దాటి నెల్లూరు అవతల సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హోసూరు, కృష్ణగిరి వైపు పోతుంది. పాలారు వాణియంబాడి, వేలూరు వైపు పోతుంది. ఈ పత్రిక చదివే ఎన్నో ఇళ్ల ఊళ్లు ఆ నదుల ఒడ్డునే ఉన్నాయి.

వచ్చే సంచికలో చింతామణి దగ్గరి కైవారం దారి. తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన కైవారం తాతయ్య ఊరు అది. ఆ వైపు తొక్కినవారు రోడ్డు ఎలా ఉందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో నాలుగు ముక్కలు రాసి పంపండి. ముఖ్యంగా పిల్లలు రాస్తే ఇంకా సంతోషం. తెలుగు లిపి రాకపోతే కన్నడ లిపిలో రాసినా సరే, చదువుకుంటాను.