విడిదిలో ఏడాదికో వారం – లాభమెంత, నష్టమెంత?

విశాఖపట్నం: జగదాంబ జంక్షన్‌లోనో, గాజువాకలోనో ఏదైనా పెద్ద దుకాణానికి వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర టై కట్టుకున్న కుర్రవాడొకడు చేతిలో ఒక చీటీ పెట్టి, పేరు, ఫోను నెంబరు, నెల జీతం రాసి డబ్బాలో వేయమంటాడు. వారం తిరక్కుండానే ఫోను వస్తుంది. బహుమతి వచ్చిందనీ, ఆదివారం సాయంత్రం ఫలానా హోటలుకు దంపతులిద్దరూ కలిసి వచ్చి తీసుకోవాలనీ చెబుతారు. దంపతులిద్దరూ అన్న షరతు ఊరికే పెట్టింది కాదు. ‘ఇంటికి వెళ్ళి ఆవిడతో మాట్లాడి చెబుతాను’ అని తప్పించుకునే దారి అక్కడే మూసుకుపోతుంది.

హోటలులో కాఫీ, బిస్కట్లు ఇస్తారు. తెరమీద కొడైకెనాల్ కొండలూ, గోవా బీచీ చూపిస్తారు. రెండు గంటలు గడిచాక అసలు మాట బయటపడుతుంది. కొన్ని లక్షల రూపాయలు కడితే ఇరవయ్యయిదేళ్ళపాటు ఏటా ఒక వారం కంపెనీ విడిదుల్లో కుటుంబంతో ఉండవచ్చు. ఈ ధర ఈ ఒక్కరోజుకే. రేపు వస్తే పెరిగిపోతుంది. దీన్నే టైం షేరు అంటారు.

ఇది పట్నం వాళ్ళ గొడవ, పల్లెకేం సంబంధమని కొట్టిపారేయడానికి లేదు. ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి ఊళ్ళ నుంచి ఉక్కు కర్మాగారంలో, పోర్టులో చేరిన వారి పిల్లలు ఇప్పుడు పదవీ విరమణ వయసుకు వచ్చారు. 2025లో ఉక్కులో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని వెళ్ళిన వారూ ఉన్నారు. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ ఒక్కసారిగా చేతికి వచ్చిన కుటుంబాలవి. రోడ్డుకో, పరిశ్రమకో పోయిన భూమికి పరిహారం అందుకున్న రైతుల దగ్గరా అలాంటి సొమ్మే ఉంటుంది. జన్మలో ఒక్కసారే వచ్చే డబ్బు అది. ఇరవయ్యయిదేళ్ళ కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ కాగితం దేనికో తెలుసుకోవడం అవసరం.

చెరువు కింద సాగుచేసే రైతుకు టైం షేరు గురించి చెప్పడం తేలిక. అది నీటి వంతు లాంటిది. ఉమ్మడి బావి మీద ఇద్దరన్నదమ్ములకు మోటారు వంతులుంటాయి గదా, అలాగే ఒక గదికి ఏడాదిలో యాభైరెండు వారాల వంతులు వేసి, ఒక్కో వంతూ ఒక్కొక్కరికి అమ్ముతారు. అయితే పెద్ద తేడా ఒకటుంది. బావిలో అన్నదమ్ములకు హక్కు ఉంది, అది దస్తావేజులో ఉంటుంది, పిల్లలకు వస్తుంది. మన దేశంలో అమ్ముతున్న టైం షేర్లలో ఎక్కువ భాగం వాడుకునే హక్కే తప్ప ఆస్తి కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు పుట్టదు. ఈసీ తీయిస్తే అందులో కొన్నవారి పేరు కనబడదు. గడువు తీరిన నాడు చేతిలో మిగిలేది ఫోటోల ఆల్బం. అమ్మేవారు మాత్రం ‘మీ సొంత విల్లా’ అనే మాటను గంటలో పదిసార్లు వాడతారు.

ఈ వ్యాపారం 1960ల దశకంలో ఐరోపాలో పుట్టింది. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల మీద మంచు ఆటలకు వచ్చేవారికి గదులు దొరక్క, ఏటా తమ వారం తమకు ఉండేలా ముందే కొనుక్కోవడం మొదలుపెట్టారు. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ అనే సంస్థ పెట్టి, ఒక చోటి వారాన్ని మరో చోటి వారంతో మార్చుకునే ఏర్పాటు చేశారు. మన దేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లో మద్రాసు కేంద్రంగా దీన్ని మొదలుపెట్టింది. మహీంద్రా వారి క్లబ్బు 1996లో వచ్చింది. కాబట్టి టైం షేరు అనగానే మోసమని తీర్మానించడం న్యాయం కాదు. ఏళ్ళ తరబడి నడుస్తున్న సంస్థలున్నాయి, తృప్తిగా వాడుకుంటున్న కుటుంబాలూ ఉన్నాయి.

లాభాలు లేకపోలేదు. జీతం నెలనెలా ఠంచనుగా వచ్చి, సెలవు ఎప్పుడు దొరుకుతుందో ఆరేడు నెలల ముందే తెలిసి, ఏటా ఎక్కడికో ఒకచోటికి తప్పకుండా వెళ్ళే అలవాటున్న ఇంటికి ఇది పనికివస్తుంది. గది శుభ్రంగా ఉంటుంది. చాలాచోట్ల గదిలోనే చిన్న వంటగది ఉంటుంది. చంటిపిల్లకు పాలు కాచుకోవచ్చు, చక్కెర జబ్బున్న పెద్దాయనకు ఇంత రాగిజావ చేసిపెట్టవచ్చు. డబ్బు ముందే కట్టేశామన్న బాధతోనైనా ఇంటాయన సెలవు పెడతాడు, ఇల్లాలికి ఏడాదిలో ఏడు రోజులు పొయ్యి దగ్గర నిలబడే శ్రమ తప్పుతుంది. ఈ చివరి లాభాన్ని డబ్బుతో కొలవలేరు. ఇరవయ్యేళ్ళు షిఫ్టు డ్యూటీలు చేసి అరకు కూడా చూడని కార్మికులు ఎందరో ఉన్నారు.

చిక్కు లెక్క దగ్గర వస్తుంది. ఉదాహరణకు సభ్యత్వం 4 లక్షల రూపాయలనుకుంటే, ఆ సొమ్ము బ్యాంకులో నూటికి 7 వడ్డీకి వేసుకుంటే ఏటా 28 వేలు వచ్చేది. ఆ రాబడి పోయినట్టే. పైగా గది వాడుకున్నా వాడుకోకపోయినా ఏటా నిర్వహణ రుసుం కట్టాలి. ఆ మాట సాయంత్రపు సమావేశంలో చివర్న, గొంతు తగ్గించి చెబుతారు. అది 20 వేలనుకుంటే మొత్తం ఏడాదికి 48 వేలు. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 6,850 రూపాయల పైమాటే. రైలు, కారు, భోజనం, పన్నులు వేరే. ఆ డబ్బు పెట్టగలవారు ఏ సభ్యత్వమూ లేకుండానే మంచి హోటలులో దిగగలరు. బ్యాంకులోని 4 లక్షలు మాత్రం ఇరవయ్యయిదేళ్ళ తర్వాత కూడా అలాగే ఉంటాయి. రూపాయి విలువ తగ్గుతుంది గాని అసలు ఎక్కడికీ పోదు.

గదుల అద్దెలు పెరుగుతాయి గదా, ఇప్పటి ధరకే పాతికేళ్ళు గడుస్తాయి గదా అని అమ్మేవారి వాదన. అద్దెలు పెరిగే మాట నిజమే. కాని రుసుమూ పెరుగుతుంది. 20 వేల రుసుం ఏటా నూటికి 5 చొప్పున పెరిగితే ఇరవయ్యయిదో ఏట 64 వేలు దాటుతుంది. హోటలు అద్దె పెరిగితే ఆ ఏడు వెళ్ళడం మానుకోవచ్చు. రుసుం మానుకోవడం కుదరదు. బకాయి పడితే గది ఇవ్వరు, పాత బకాయి మీద వడ్డీ అడుగుతారు.

అన్నిటికంటే పల్లెవారు ఆలోచించవలసింది కాలం సంగతి. ఈ కంపెనీలు ఏడాదిని ఊదా, ఎరుపు, తెలుపు, నీలం అని రంగులుగా విడగొట్టి అమ్ముతాయి. సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు ఖరీదైన రంగుల్లో పడతాయి. చౌక రంగు చాలాచోట్ల వానాకాలం. వానాకాలంలో ఉడుపులు వదిలేసి కొడైకెనాల్ వెళ్ళే రైతు ఉంటాడా? కళ్ళం నుంచి ధాన్యం ఇంటికి చేరి నాలుగు రోజులు తీరిక దొరికేది పుష్యమాసం నాటికే. అప్పుడు పట్నం వాళ్ళందరికీ సెలవులే. ఖరీదైన రంగు కొన్నవారికి కూడా ఆ వారాల్లో గది దొరకడం గ్యారంటీ కాదు. ముందు ఫోను చేసినవారికే ముందు. వినియోగదారుల కమిషన్ల ముందుకు ఈ వ్యాపారం మీద వచ్చే ఫిర్యాదుల్లో ‘అడిగిన తేదీకి గది లేదన్నారు’ అన్నది మామూలుగా వినబడే మాట. చెరువులో నీళ్ళు లేనప్పుడు వంతు చీటీ ఉండి ఏం లాభం?

ఉక్కు కార్మికుడి పరిస్థితి ఇంకో రకం. ఏ, బీ, సీ షిఫ్టుల్లో తిరిగేవాడికి సెలవు మంజూరయ్యేది చివరి నిమిషంలో. ఆర్నెల్ల ముందు గది రిజర్వు చేసుకుని, తీరా సమయానికి సెలవు రాకపోతే ఆ వారం చేజారినట్టే. కొన్ని సంస్థలు వచ్చే ఏటికి మార్చుకోనిస్తాయి. ఎన్ని వారాలు, ఎంతకాలం అన్నది సంతకానికి ముందే చూసుకోవాలి.

పాతికేళ్ళంటే ఎంతకాలమో విశాఖ తీరమే చెబుతుంది. ఋషికొండ మీద పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్టు ఉండేది. సముద్రం వైపు గదులు, మెట్లు దిగితే ఇసుక. జిల్లాలో ఎన్నో కుటుంబాలు అక్కడ ఒక పూట గడిపి వచ్చాయి. 2021లో దాన్ని కూల్చేశారు. దాని స్థానంలో కోట్లు ఖర్చుపెట్టి వేరే భవనాలు లేచాయి, వాటి చుట్టూ పెద్ద వివాదమూ లేచింది. ఆ తగవులో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్నది ఇక్కడ విషయం కాదు. రోజు అద్దెకు దిగినవారికి నష్టమేమీ లేదు, మరో హోటలు చూసుకున్నారు. అందులో పాతికేళ్ళ వారాలు ఎవరికైనా అమ్మి ఉంటే వారి గతేమయ్యేది? అంతకుముందు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఒక్క పగటిలో ఈ తీరాన్ని ఊడ్చేసింది. గాలివానకు కూలిన కప్పు ఎవరి ఖర్చుతో వేయాలి, కంపెనీదా, సభ్యులదా అన్నది ఒప్పందంలో ఏదో ఒక మూల సన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది నిజంగా విడిది కోసం కొనేవారి సంగతి. రెండో రకం ఉంది. అది ప్రమాదకరం. గది వాడుకోకపోతే ఫరవాలేదు, కొన్నేళ్ళకు డబ్బు పెంచి తిరిగి ఇస్తామనేది ఆ రకం. బొంబాయికి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ అనే కంపెనీ ఇలాగే హోటలు ‘గది రాత్రులు’ అమ్మింది. చేరినవారు 50 లక్షల మందికి పైగా. వసూలైంది 7 వేల కోట్ల రూపాయల పైచిలుకు. అందులో ఎంతమంది గదుల్లో నిద్రపోయారో గాని, చాలామంది చేరింది పెంపు డబ్బు కోసమే. ఇది విడిది వ్యాపారం కాదు, అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని సెబీ తేల్చి, సొమ్ము తిరిగి ఇవ్వాలని 2016 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆదేశం వచ్చినంత తేలిగ్గా డబ్బు రాలేదు. ఆస్తుల వేలాలు, కోర్టులు ఏళ్ళ తరబడి సాగాయి.

తెలుగు పల్లెలకు అంతకంటే దగ్గరి గాయం అగ్రిగోల్డ్. అది టైం షేరు కాదు, స్థలాల పేరున సాగిన వసూళ్ళు. కాని అక్కడా గుంటూరు దారిలోని హాయ్‌లాండ్ అనే రిసార్టును కళ్ళకు కట్టించారు. అంత పెద్ద కట్టడం ఉన్నవాళ్ళు ఎక్కడికి పారిపోతారన్న ధైర్యంతో కూలీలు సైతం నెలకింత కట్టారు. తర్వాత ఏమైందో ఉత్తరాంధ్రలో తెలియని ఊరు లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిటుదారులకు కొంత చెల్లించింది. అంతకు మించి వేసినవారు చూస్తూ ఉండిపోయారు. కాబట్టి విడిది అమ్మేవాడు వడ్డీ మాటో, పెంపు మాటో ఎత్తాడంటే అక్కడినుంచి లేచి రావడమే మంచిది. బహుమతి పోతే పోయింది.

సంతకం పెట్టి ఇంటికి వచ్చాక మనసు మారితే? ఐరోపా దేశాల్లో 2008 నాటి నిబంధన ప్రకారం కొన్నవారికి 14 రోజుల గడువుంటుంది. ఆ గడువులో కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు, అది ముగిసేదాకా అమ్మినవాడు ఒక్క పైసా పుచ్చుకోకూడదు. మన దేశంలో టైం షేరుకంటూ ప్రత్యేక చట్టం లేదు. కొన్ని సంస్థలు తమంతట తాము పది రోజులో, ఎన్నో రోజులో గడువు ఇస్తున్నాయి. అది నోటిమాట కాక కాగితం మీద ఉందో లేదో చూడాలి. వాయిదాల మీద కొన్నవారికి మరో చిక్కుంది. సభ్యత్వం రద్దు చేసుకున్నా, మధ్యలో అప్పిచ్చిన బ్యాంకు వాయిదా తనంత తాను ఆగదు. రెండు చోట్లా రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోవాలి. తిరిగి అమ్ముకుందామంటే కొనేవారు దొరకడం కష్టం. కొన్న ధర వస్తుందని ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఒక మంచి పని చేసింది. ఒప్పందంలో ‘తగాదాలు ఫలానా మహానగరపు కోర్టులోనే’ అని రాసి ఉన్నా, కొన్నవారు తాము నివసించే లేదా పనిచేసే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెన్నైకీ, బొంబాయికీ తిరగనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే విచారిస్తుంది, 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుం లేదు. తగాదా పుట్టిన నాటి నుంచి రెండేళ్ళలోగా వేయాలి. సలహాకు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. వెళ్ళేటప్పుడు ఒప్పందం, రశీదులు, గది అడిగినప్పుడు లేదన్న సమాధానాలు పట్టుకెళ్ళాలి. ఆ రోజు దుకాణం గుమ్మంలో ఇచ్చిన బహుమతి చీటీ దొరికితే దాన్ని కూడా.