తిరిగొచ్చిన వారిని దెప్పొద్దు

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలిపేందుకు దివ్యజ్ఞాన సమాజ పెద్దలు 1911లో ఏకంగా ఓ సంఘమే పెట్టారు. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, వేలాది అనుచరుల ఎదుటే ఆయన దాన్ని రద్దు చేశారు. కానుకగా వచ్చిన కోటను, భూములను తిరిగి ఇచ్చేశారు.

అదే మదనపల్లెలో 2021 జనవరిలో, మళ్లీ బతికొస్తారన్న నమ్మకంతో కన్నవారే ఇద్దరు కూతుళ్లను చంపారని పోలీసులు చెప్పారు. చదువుకున్న ఇల్లది; అయినా గుడ్డినమ్మకాన్ని చదువు ఆపలేకపోయింది.

నమ్మకం పట్టు అలాంటిది. కృష్ణమూర్తిలా గురుపీఠం దిగడానికే అంత తెగువ కావాలి. ఆస్తి, స్నేహం, చుట్టరికం అన్నీ ఆశ్రమంతోనే ముడిపడ్డ భక్తుడికి దాన్ని వదిలి రావడానికి ఇంకెంత కావాలి? ఏ ఊళ్లోనైనా, అలా తిరిగొచ్చిన మనిషిని ‘ముందే చెప్పాం కదా’ అని దెప్పొద్దు. ముందు అన్నం పెట్టాలి, చెప్పేది వినాలి. పోయిన డబ్బు లెక్కలు తర్వాత అడగొచ్చు. గురువునైనా ప్రశ్నించే అలవాటు మాత్రం బడిలోనే నేర్పాలి.