పావురానికి జొన్నలు, పిచ్చుకకు పెట్టె

కోహీర్ ఇటీవల పురపాలక సంఘమైంది. జామతోటలకు పేరుపడిన ఊరు, పట్టణమన్న హోదా దక్కినందుకు సంతోషించవలసిందే. కాని పట్టణం కాగానే మన ఊళ్ళకు పట్టే మొదటి తెగులు సుందరీకరణ. పెంకుల వసారాలు పోయి స్లాబులు వస్తాయి. చెరువుగట్టుకు రాతి తాపడం, డివైడరు మీద ఒకే ఎత్తున కత్తిరించిన మొక్కలు వస్తాయి. అటుపై ఏటా మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని అట్టపెట్టెలు పంచుతారు. ఈ తతంగం మీదనే నా ఫిర్యాదు.

హైదరాబాదును చూడండి. మొజంజాహీ మార్కెట్టు వద్ద పావురాలకు గుప్పిళ్ళతో జొన్నలు చల్లి పుణ్యం మూటగట్టుకున్నవారు ఎందరో! కొండచరియల్లో కాపురముండే ఆ పక్షికి అంతస్తుల మేడలు కొండలే. దానికి మన దయ అక్కరలేదు. పిచ్చుక సంగతి వేరు. ఎదిగిన పిచ్చుక గింజ తింటుంది గాని, గుడ్డు వీడిన పిల్లకు పురుగే ఆహారం. పురుగుండాలంటే మట్టి ఉండాలి, పొద ఉండాలి, మందు కొట్టని పెరడుండాలి. నేలంతా సిమెంటు పరచి గోడకు పెట్టె తగిలించడం, పొయ్యి వెలిగించకుండానే విస్తరి వేసి కూర్చోబెట్టడం వంటిది.

ఇక చెట్లు. 2015లో మొదలైన హరితహారంలో ఊరూరా రోడ్ల వెంట కోనోకార్పస్ నాటారు. త్వరగా పెరుగుతుంది, పచ్చగా కనిపిస్తుంది, లెక్క నిండుతుంది. అధికారికి అంతకన్న ఏం కావాలి? తీరా పెరిగాక తప్పు తెలిసివచ్చింది. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. పక్షికి తినే పండివ్వని చెట్టు పచ్చరంగు పూసిన గోడతో సమానం. మర్రి, రావి, మేడి, జువ్వి అలా కావు. ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క వేళ కాస్తుంది గనుక, వేరే పళ్ళు దొరకని రోజుల్లో కూడా కోకిలకు, గోరింకకు, పిగిలిపిట్టకు అన్నం పెట్టేవి అవే.

పాలపిట్ట మన రాష్ట్రపక్షి. దసరానాడు దాన్ని చూస్తే శుభమంటాం. అది గూడు పెట్టేది పాత చెట్టు తొర్రలో. ఆ తొర్ర చెట్టునే ప్రమాదమని ముందు కొట్టేస్తాం!

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేనాటికి నూరెకరాల మేర పచ్చదనం నేలకూలింది. అది అడవి కాదు, ప్రభుత్వ భూమి అన్నది సర్కారు వాదన. కావచ్చు. నెమలికి, జింకకు రెవెన్యూ రికార్డులు చదవడం రాదే!

కోహీర్ రైతు మాట కూడా చెప్పాలి. చిలుకల గుంపు వాలితే జామతోట ఏమవుతుందో అతనికి తెలుసు; వల కట్టుకున్నాడని నేను నిందించను. ఒకప్పుడు మన పల్లెల్లో వరికంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం గుడి మండపాల్లో, ఇంటి చూరుకు వేలాడదీసేవారు. ఇచ్చేది ఇష్టంగా ఇచ్చేవారు. ఇప్పుడు పక్షుల బాధ్యతంతా రైతు తోట మీదికి నెట్టి, పట్టణం మాత్రం పెట్టెలతో సరిపెట్టుకుంటానంటే ఎలా?

కొత్త పురపాలకులకు నా విన్నపం ఇంతే. రోడ్డు వెడల్పు చేసే ముందు పాత చెట్లను లెక్కించండి. చెరువుకు ఒక్క వైపైనా రాయి పరచకుండా తుంగను వదిలేయండి. పెట్టెలకు పెట్టే సొమ్ముతో బడుల ఆవరణల్లో మేడి, జువ్వి మొక్కలు నాటించండి. మార్చి 20న రిబ్బను కత్తిరించడానికి మరేదైనా చూసుకోవచ్చు.